మేనరికం విడాకులు: పెద్దల ముందు ముగింపు ఎలా చెప్పుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు ఒడిశాలోని పర్లాకిమిడి. అక్కని మేనత్త కొడుక్కే ఇచ్చారు. ఆరేళ్ల పాప ఉంది. ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారంతో విడాకులకు వేశారు, మొదటి మోషన్ (కోర్టు ముందు మొదటిసారి అంగీకారం చెప్పడం) అయింది, రెండోది ఇంకా రాలేదు. అన్నాచెల్లెళ్లయిన మీ నాన్నగారూ మీ మేనత్తగారూ మాట్లాడుకోవడం మానేశారు. నాన్నగారేమో పెద్దల్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి చేసి దీనికి ముగింపు పలకాలంటున్నారు, మామ్మగారేమో అలాంటిది శాస్త్రంలో లేదంటున్నారు. చెయ్యొచ్చా, చేస్తే ఎలా, శతమానాలు (తాళిబొట్లు) ఏం చెయ్యాలి?

చెయ్యొచ్చు. మీలాంటి మేనరికాల్లో అయితే చెయ్యడమే మంచిది. కానీ రెండో మోషన్ అయి డిక్రీ (కోర్టు విడాకుల తీర్పు) చేతికొచ్చేదాకా చెయ్యకండి.

ఎందుకో ముందు చెప్తాను, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. హిందూ వివాహ చట్టం 13బి ప్రకారం డిక్రీ ఇచ్చే క్షణం దాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. సుప్రీంకోర్టు 1991లోనే ఈ మాట తేల్చింది. మొదటి మోషన్‌కీ రెండోదానికీ మధ్య ఆర్నెల్లు ఉంటుంది. 2017 తీర్పు తర్వాత తగిన కారణాలుంటే కోర్టు ఆ గడువు తగ్గిస్తోంది, కాని అడిగినవాళ్లందరికీ కాదు. ఆ రెండు మోషన్ల మధ్య పెద్దల్ని పిలిచి శతమానాలు పళ్లెంలో పెట్టించారనుకోండి. అవతలివైపు ఎవరో ఒకరికి అవమానమనిపిస్తుంది, అబ్బాయి కోర్టుకి రాడు. పద్దెనిమిది నెలలు దాటితే ఆ పిటిషన్ చెల్లదు, మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి డిక్రీ రావాలి, సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోవాలి (అక్కకి ఒకటి, బావకి ఒకటి, పాప కాగితాలతో ఒకటి), ఆ తర్వాతే కార్యక్రమం. కాపీ ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. టెక్కలి, పాతపట్నం వైపు నుంచి వచ్చే చుట్టాలకి దాని సారాంశం తెలుగులో చదివి వినిపించేవాళ్లు ఒకరుండాలి.

ఇక మామ్మగారి మాట. గృహ్యసూత్రాల్లో పెళ్లికి ప్రయోగం ఉంది గానీ పెళ్లి విప్పడానికి లేదు, ఆ మేరకు ఆవిడన్నది నిజమే. మంత్రం లేనంత మాత్రాన ఆలోచన లేదనుకోకూడదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ‘పరస్పరం ద్వేషాన్మోక్షః’ అన్నాడు, ఇద్దరికీ పడనప్పుడు విడుదల ఉందని. ధర్మవివాహాలకి మాత్రం అది లేదని ఆ వెంటనే అన్నాడనుకోండి. పరాశర స్మృతి అయిదు ఆపదల్లో స్త్రీకి వేరే భర్తని చెప్పింది. అవన్నీ అలా ఉండగా, మన ప్రాంతంలో చాలా కులాల్లో పెద్దలు తగువు విని, ఓలి (కన్యాశుల్కం) వెనక్కి ఇప్పించి, కొన్నిచోట్ల గడ్డిపరక తుంపించి, తాంబూలం పుచ్చుకుని లేచేవాళ్లు. నాన్నగారు అడుగుతున్నది దాదాపు అదే. కొత్తగా పుట్టిన ఫ్యాషనేం కాదు.

అయితే ఆ పాత పద్ధతిలోంచి ఒక్కటి మాత్రం తేవద్దు: స్టాంపు కాగితం మీద విడాకుల పత్రం. హిందూ వివాహ చట్టంలో 29(2) ఆచారం ప్రకారం వచ్చే విడాకుల్ని కాపాడుతుంది నిజమే. కాని ఆ కులంలో ఆ ఆచారం పూర్వం నుంచీ నడుస్తోందని కోర్టులో రుజువు చేసుకోవాలి. అది చేతకాకపోతే పెద్దలు రాసిన కాగితానికి విలువ లేదు. దాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82 కింద ఏడేళ్ల దాకా జైలు ఉండే నేరం. రాయగడ, గజపతి జిల్లాల్లో సవర, కోందు కుటుంబాల సంగతి వేరు. షెడ్యూల్డు తెగలకి హిందూ వివాహ చట్టమే వర్తించదు, వాళ్ల ఆచారమే వాళ్లకి చట్టం. మీ ఇంటికి డిక్రీయే ఆధారం. పెద్దలు కూర్చునేది చుట్టాలందరికీ ఒకేసారి ఒకే మాట తెలియడానికి. మన ఒడియా ఇరుగుపొరుగు కూడా ‘ఛాడపత్ర’ (విడాకులు) అయిందా అని అడుగుతారు, అలా అడిగినప్పుడు చూపించేది కోర్టు కాగితమే.

ఏం చెయ్యకూడదో తేల్చుకుంటే ఏం చెయ్యాలో సగం తేలిపోతుంది. మన పల్లెల్లో భార్యాభర్తల బంధం ముగిసిందని చెప్పే తంతు జనానికి తెలిసింది ఒక్కటే, పదో రోజు తంతు. తాడు తెంపడం, గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం. పొరపాటున ఏ ఒక్కటి ఆ పోలికతో వచ్చినా ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ‘బతికున్నవాడికి ఇదేం పనే’ అంటుంది, అక్కడితో కార్యక్రమం అయిపోయినట్టే. కుండ పగలగొట్టడం ఇంకా ప్రమాదం. బతికున్న మనిషిని చచ్చినవాడిగా లెక్కగట్టి కులం నుంచి వెలివేసే ఘటస్ఫోటం పోలిక దానికి వస్తుంది. నువ్వులు, తర్పణం, తలస్నానం చేసి ఇంటికి రావడం, ఇవేవీ వద్దు. దీపం ఆర్పడం, కొవ్వొత్తి ఊదడం లాంటివి ఎవరైనా సూచిస్తే మర్యాదగా వద్దనండి. ఏడడుగులు వెనక్కి నడిపిద్దామనే తెలివైనవాళ్లూ ఉంటారు. ఫోన్లలో చూసి ఉంగరం పగలగొడదామంటారు మరికొందరు. జపాన్‌లో హిరోకి తెరాయి అనే ఆయన 2009లో మొదలుపెట్టిన విడాకుల వేడుకలో దంపతులిద్దరూ ఒకే సుత్తి పట్టుకుని ఉంగరం నలగ్గొడతారు. వాళ్లకి అది నప్పుతుంది. ఇక్కడ బంగారం నలగ్గొడితే చూసేవాళ్లకి గుండె ఆగిపోతుంది.

పెళ్లితో వచ్చినవి శతమానాలు, నల్లపూసలు, మట్టెలు. అవి మాత్రమే తీస్తారు. బొట్టు, పువ్వులు, గాజులు పుట్టినప్పటి నుంచీ ఉన్నవి. వాటి జోలికి ఎవరూ పోకూడదు, పోనివ్వకూడదు. సంబంధం ఒడియా ఇంటితో అయి చేతికి శంఖం గాజులుంటే వాటిని పగలగొట్టకుండా తీసి దాచిపెట్టుకోమనండి.

శతమానాలు అందరి ముందూ తీయించకండి. బావ చేత విప్పించడం అసలే వద్దు. అక్క ముందురోజు ఇంట్లో, తనకి తోచినప్పుడు, అమ్మ దగ్గరుంటే చాలు, తనే తీసుకోవాలి. పసుపుతాడు మీద ఉంటే ముడి విప్పాలి గానీ కత్తెర పెట్టకూడదు. ముడి బిగిసిపోయి ఉంటుంది కాబట్టి రెండు చుక్కల కొబ్బరినూనె వేసి పావుగంట ఆగి పిన్నీసుతో లాగితే వదులవుతుంది. నానుతాడు అయితే కొక్కెం తీస్తే సరి. మట్టెలు చాలాసార్లు రావు. ఏళ్ల తరబడి వేలు వాటి చుట్టూ పెరిగి ఉంటుంది. పొద్దున్నే, వాపు లేనప్పుడు, చన్నీళ్లలో కాళ్లు పెట్టి సబ్బు రాసి ప్రయత్నించండి. రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్తే సన్న కత్తెరతో వెనకవైపు కోసి తీస్తాడు, రెండు నిమిషాల పని. బలవంతంగా లాగితే చర్మం చీరుకుపోతుంది.

మనవైపు రెండు శతమానాల్లో ఒకటి పుట్టింటివాళ్లు చేయించింది, ఒకటి అత్తింటివాళ్లు చేయించింది. చట్టం దృష్టిలో రెండూ స్త్రీధనమే, అక్కవే. ఆ సంగతి ముందే ఒప్పుకుని, ఆ తర్వాత అక్క ఇష్టపడితే అత్తింటిది తనంతట తాను తిరిగి ఇవ్వొచ్చు, లేదా రెండూ పాపకి గొలుసులో కలపొచ్చు. ‘మాది మాకివ్వండి’ అని అటునుంచి అడిగించుకునే పరిస్థితి రాకూడదు. అడిగితే గొడవ, తనంతట ఇస్తే మర్యాద. కరిగించేటట్టయితే ఒక్క జాగ్రత్త: పాతకాలం శతమానం వెనక లక్క నింపి ఉంటుంది. రెండు గ్రాములు తూగింది కరిగాక గ్రామున్నరే రావొచ్చు, పైగా అతుకు ఉన్నచోట మేలిమి తగ్గుతుంది. ఈ తేడా ముందు తెలియకపోతే కంసాలి తినేశాడనో, అవతలివాళ్లు తక్కువ బంగారం పెట్టారనో కొత్త తగువు మొదలవుతుంది. లక్క తీయించాక తూకం వేయించి చీటీ తీసుకోండి. రెండు ఇళ్లకీ మామూలుగా నగలు చేసే కంసాలి కాకుండా మూడో మనిషి దగ్గర.

నగలు, సామాను లెక్క కార్యక్రమానికి కనీసం వారం ముందే పూర్తి కావాలి. ఆ రోజు పళ్లెంలో కనిపించేవి రెండో మూడో వస్తువులు మాత్రమే. జాబితా రెండు ప్రతులు రాయండి: బంగారం నికర తూకంతో, వెండి కంచం గ్లాసు, సారెలో పెట్టిన ఇత్తడి బిందెలు, మంచం బీరువా, బరంపురం పట్టుచీరలు, సర్టిఫికెట్లు, పాప టీకాల కార్డు. పైన ఒక వాక్యం: ‘ఇది వస్తువుల అప్పగింత జాబితా మాత్రమే, విడాకులు కోర్టు డిక్రీ ప్రకారం అయినవి’, పక్కన డిక్రీ నంబరు, తేదీ. కింద ఇద్దరి సంతకాలు, చెరో వైపు నుంచి ఒక సాక్షి. భరణం కేసో గృహహింస కేసో ఇంకా నడుస్తుంటే సంతకం పెట్టేముందు లాయరుకి చూపించాలి. అమాయకంగా రాసిన ‘ఇక ఏ బాకీ లేదు’ అన్న మాట తర్వాత అక్క మెడకే చుట్టుకోవచ్చు. పెళ్లి సర్టిఫికెట్ మాత్రం చింపొద్దు. ఆవేశంలో చింపేస్తుంటారు, తర్వాత పాప పాస్‌పోర్టుకో ఇంకోదానికో కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. శుభలేఖ చింపుకుంటే చింపుకోమనండి.

రోజుకి ముహూర్తం అడగొద్దు. దీనికి ముహూర్తం లేదు, అడిగితే పంతులుగారు ఇబ్బంది పడతారు. శుక్రవారం బంగారం చేతులు మారనివ్వరు కాబట్టి అది వదిలెయ్యండి. మార్గశిర మాసమైతే లక్ష్మివారాలూ (గురువారాలు) వదిలెయ్యండి. మన ఇళ్లలో లక్ష్మివారం పూజ, పక్కింటి ఒడియావాళ్లకి మాణబసా అనే లక్ష్మీపూజ, ఆ రోజు ఇంట్లోంచి పైసా బయటికి ఇవ్వరు. మంగళవారం, అమావాస్య కూడా ఎవరో ఒకరు తప్పుబడతారు. ఆదివారం పొద్దున్న పది గంటలు హాయి. చోటు మీ ఇల్లూ వాళ్ల ఇల్లూ కాకుండా చూడండి, పెళ్లి జరిగిన మండపం అసలే కాదు. ఇద్దరికీ కావలసిన పెద్దవాళ్ల ఇంటి వసారా చాలు. పదిహేను మంది, ఇరవై దాటకూడదు. ఇరవై దాటితే జనం మాట్లాడటం మానేసి చూడటం మొదలుపెడతారు. ఫోన్లు ఒక బుట్టలో వేయించండి. ముప్పావుగంటలో అయిపోవాలి.

పంతులుగారు కావాలనుకుంటే విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం వరకే అడగండి. అవి ఏ సందర్భంలోనైనా చేసేవి కాబట్టి ఆయనకీ అభ్యంతరం ఉండదు. చిక్కు వచ్చేది సంకల్పంలో. అక్కకి ఏ గోత్రం చెప్పాలి? పెళ్లితో అత్తింటి గోత్రం వచ్చింది, ఇప్పుడు పుట్టింటిదని కొందరంటారు, కాదని కొందరంటారు. అందరి ముందూ ఆయన గొంతు తడబడితే అక్క తలవంచుకోవాల్సి వస్తుంది. ముందురోజే మాట్లాడి తేల్చుకోండి. తేలకపోతే పూజ నాన్నగారి పేరు మీద చేయించండి.

దీపం రెండు వైపుల అమ్మలూ కలిసి వెలిగిస్తారు. దాన్ని చివరిదాకా అలాగే ఉంచాలి. ఆ తర్వాత ఒక పెద్దమనిషి నిలబడి ఇలా చదువుతారు, సొంత మాటలేవీ కలపకుండా:

‘ఫలానా గారి కుమారుడు ఫలానా, ఫలానా గారి కుమార్తె ఫలానా, ఫలానా సంవత్సరంలో మన అందరి ఎదుట పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి ఇష్టం మీద కోర్టు ఫలానా తేదీన విడాకులు ఇచ్చింది. వీరు ఇక భార్యాభర్తలు కారు. వీరి బిడ్డకి ఇద్దరూ తల్లిదండ్రులే. పెళ్లికి ముందు ఈ రెండిళ్ల మధ్య ఉన్న చుట్టరికం అలాగే ఉంది. ఆమె ఆ ఇంటి మేనకోడలు, అతను ఈ ఇంటి మేనల్లుడు. ఇచ్చిపుచ్చుకోవలసినవి జాబితా ప్రకారం పూర్తయ్యాయి.’

ఆ చుట్టరికం వాక్యం కోసమే మీ ఇంట్లో ఈ కార్యక్రమం చెయ్యమంటున్నాను. బయటి సంబంధం తెగితే రెండిళ్లవాళ్లూ ఎవరి దారి వాళ్లది. మేనరికంలో అలా కుదరదు. డిక్రీ అత్తగారిని తీసేస్తుంది, మేనత్తని తీసెయ్యలేదు. బావ మీకు ఇదివరకూ బావే, ఇకమీదటా బావే. అక్క ఆవిణ్ణి ‘అత్తా’ అనే పిలుస్తుంది, ఆ పిలుపు పుట్టినప్పటిది. కాని పెళ్లయ్యాక అదే పిలుపులో కోడలి భయం వచ్చి చేరింది. ఎవరో ఒకరు నోటితో చెప్తేగాని అది దిగదు. అందుకని పెద్దమనిషి చదవగానే మేనత్తగారు అక్కకి బొట్టుపెట్టి తలలో పువ్వు పెట్టాలి, పుట్టింటి పిల్లకి పెట్టినట్టు. నాన్నగారు మేనల్లుడికి తాంబూలం, పంచె ఇవ్వాలి. మిగతాదంతా క్లుప్తంగా జరిగినా ఈ రెండూ నిదానంగా జరగనివ్వండి. మేనత్తగారు భర్త పోయినావిడైనా సరే ఆవిడే పెట్టాలి, ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి. ఆవిడ ససేమిరా అంటే మీ అమ్మగారు పెడతారు, నాన్నగారి తాంబూలం మాత్రం ఆగకూడదు.

తర్వాత ఇద్దరూ చెరో రెండు వాక్యాలు చెప్తారు, కాగితం మీద రాసుకుని. నియమం ఒక్కటే: కారణం చెప్పకూడదు. కారణం అన్న మాట బయటికొచ్చిందా, అవతలివైపు జవాబు తయారుగా ఉంటుంది, ఇక సభ తగువుగా మారుతుంది. ‘నావల్ల నీకు కలిగిన బాధకి మన్నించు, పాప విషయంలో నీకు తోడుంటాను’ అంటే చాలు. మాట్లాడలేనివాళ్లు చేతులు జోడిస్తే చాలు, బలవంతపెట్టొద్దు. ఆ వెంటనే జాబితా మీద సంతకాలు, సాక్షులకి తాంబూలం: రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక పండు. అక్కా బావా మాత్రం ఒకరికొకరు తాంబూలం ఇచ్చుకోకూడదు, నిశ్చితార్థం పోలిక వస్తుంది.

పాపని ఆ వసారాలో కూర్చోబెట్టకండి. పక్కింట్లో పిన్నిగారి దగ్గర ఉంచి, అంతా అయ్యాక అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పాలి. ఆరేళ్ల పిల్ల అడిగేవి మూడే మూడు: ఎక్కడ పడుకుంటాను, బడికి ఎవరు తీసుకెళ్తారు, దసరా సెలవులు ఎవరింట్లో. వీటికి జవాబులు ముందే రాసి పెట్టుకోవాలి. మీ బాధ్యత కూడా ఇక్కడుంది. చెవులు కుట్టించేటప్పుడు కూర్చోబెట్టుకునే ఒడి మేనమామది. ఆ వేడుక ఇంకా కాకపోతే దాని తేదీ ఈ రోజే అనుకోండి, రెండిళ్లవాళ్లూ మళ్లీ కలుసుకోవడానికి ఒక సాకు ఉంటుంది.

భోజనం గురించి ఎక్కువ ఆలోచించకండి. బూరెలు పెళ్లిని గుర్తు చేస్తాయి, గారెలొక్కటే వడ్డిస్తే కార్యం భోజనమంటారు. ఇరవై మందికి రెండు కిలోల బియ్యం పులిహోర, కిలో పెరుగన్నం, ఒక కూర సరిపోతాయి. తినకుండా వెళ్లిపోవాలనుకునేవాళ్లని ఆపొద్దు.

మర్నాటి నుంచి కాగితాల పని. ఎల్ఐసీ, పీఎఫ్, బ్యాంకు నామినీలు ఇద్దరూ మార్చుకోవాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు, పదేళ్ల తర్వాత ఎవరో పోయినప్పుడు పాత పేరు బయటపడి రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి. రేషను కార్డు, ఆధార్ చిరునామా తీరిగ్గా చేసుకోవచ్చు. తండ్రి ఆస్తిలో పాప హక్కు ఎక్కడికీ పోదు, విడాకులతో పోయేది భార్య వారసత్వం మాత్రమే. అక్క మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే, పరస్పర అంగీకార డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం అప్పీలుకి చోటివ్వదు. అయినా చాలామంది లాయర్లు మామూలు అప్పీలు గడువైన 90 రోజులు ఆగమంటారు, ఆగితే నష్టం లేదు.

చివరిగా, బావ రానంటే? అది జరిగేదే. అప్పుడు కార్యక్రమం మానెయ్యక్కర్లేదు గాని స్వరూపం మారుతుంది. జాబితా మీద ఆయన సంతకం ముందే తెచ్చుకోండి. ఆయన తరఫున ఎవరూ క్షమాపణ చదవకూడదు, ఆయనకి ఖాళీ కుర్చీ వెయ్యకూడదు. పెద్దమనిషి వాక్యాలు, మేనత్తగారి బొట్టు, ఈ రెండూ ఉంటే చాలు. నాన్నగారు మేనల్లుడికి ఇవ్వాల్సిన పంచె, తాంబూలం ఆ సాయంత్రం తనే వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చి రావాలి. అన్నయ్య గుమ్మంలోకి వచ్చాక మేనత్తగారు లోపలికి రమ్మనకుండా ఉండలేరు.